ఒకటి తర్వాత పది

ఈ మధ్య వస్తున్న థ్రిల్లర్లలో హంతకుడెవరో కనిపెట్టడం పెద్ద కష్టమేమీ కాదు, బతికున్నవాళ్ళెవరో కనిపెట్టడమే కష్టం అని పితూరి అభిప్రాయం. ఆమెకి ఇలాంటి అభిప్రాయాలు చాలా ఉన్నాయి. థ్రిల్లర్లో పోలీసాఫీసరుకి భార్య ఉండదు, ఉంటే ఫొటోలో ఉంటుంది. ఇంటినిండా లైట్లుంటాయి, ఒక్కరూ స్విచ్ వెయ్యరు, టార్చి పట్టుకుని తిరుగుతారు. గోడ మీద ఫొటోలంటించి వాటి మధ్య ఎర్రదారం కట్టందే ఏ కేసూ ముందుకి కదలదు. తమ ఆఫీసులో ఇంతకన్నా పెద్ద చిక్కుముడులు రోజూ పడతాయి, ఇంతవరకూ ఒక్కడు దారం కొన్న పాపాన పోలేదు.

పితూరి అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఇంట్లో ఎవరేం చేసినా పరిగెత్తుకెళ్ళి వాళ్ళమ్మ చెవిన వేసేది, అందుకని ఆ పేరు పడింది. పెద్దయ్యాక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరయింది. ఎవరో కష్టపడి రాసిన ప్రోగ్రాంలో తప్పులు వెతికి, వాటి మీద పితూరీలు రాసి పైకి పంపడం ఆమె ఉద్యోగం. "ఇంట్లో ఊరికే చేసిన పనికి అక్కడ జీతమిస్తున్నారు" అని వాళ్ళ నాన్న ఇప్పటికీ ఆశ్చర్యపోతూ ఉంటాడు.

వారానికో థ్రిల్లరు చూడటం, చూశాక ఆఫీసు స్నేహితుల గ్రూపులోనూ ఇంటివాళ్ళ గ్రూపులోనూ వాయిస్ మెసేజ్ పెట్టడం ఆమెకి అలవాటు. సినిమా అంతా అర్థమైపోతే మెసేజ్ చిన్నదిగా ఉండేది. "పర్లేదు, ఒకసారి చూడొచ్చు" అని సరిపెట్టేది. సగం అర్థమైతే కాస్త పెద్దది. పోయిన నెల చూసినదాంట్లో మాత్రం హీరో ఒకడా ఇద్దరా, లేకపోతే అదంతా ఆసుపత్రిలో పడున్న మూడోవాడి కలా అన్నది చివరిదాకా తేలలేదు. దానికి పావుగంట మాట్లాడింది. మేకింగ్ వేరే స్థాయి అంది. కథేంటని ఎవరైనా అడిగితే "చెబితే పోతుంది" అనేది. అలా అన్నాక ఎవరూ రెండోసారి అడగరు.

ఇన్నాళ్ళూ ఆ అభిప్రాయాల వల్ల ఎవరికీ వచ్చిన నష్టమేమీ లేదు, వాళ్ళక్క పెన్‌డ్రైవ్ తెచ్చి ఇచ్చేదాకా.

అక్కంటే పెద్దమ్మ కూతురు. సినిమా ఎడిటరు. ఏళ్ళ తరబడి పెద్ద ఎడిటర్ల దగ్గర అసిస్టెంటుగా చేసి, కళ్ళ కింద నల్లచారలు తెచ్చుకుని, ఇన్నాళ్ళకి ఒక సినిమాకి సొంతంగా ఎడిటరయింది. టైటిల్స్‌లో మొదటిసారి తన పేరు పడబోతోంది. అదీ థ్రిల్లరే. ఆ శుక్రవారం సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"సోమవారం ప్రొడ్యూసర్ చూస్తాడే. ఆయనకి అర్థం కాకపోతే సినిమా నా చేతిలోంచి తీసి సీనియర్ ఎవరికైనా ఇచ్చేస్తానన్నాడు. అప్పుడు పేరు కూడా వాళ్ళదే పడుతుంది."

"అర్థం కాదా?"

"నాకెలా తెలుస్తుంది? నేను దాన్ని ఎన్నిసార్లు చూశానో నాకే తెలీదు. డైరెక్టరుకీ మతి పోయింది, పొద్దునొక మాట సాయంత్రమొక మాట. కథ తెలియనిదానివి నువ్వొక్కదానివే మిగిలావు. చూసి చెప్పు. ఎక్కడ బోరు కొట్టింది, ఎక్కడ తికమకయింది, అంతే. నీ సినిమా భాష నాకొద్దు."

"నా సినిమా భాషేంటి?"

"మేకింగ్ గీకింగ్ అంటావు కదా, అది."

పెన్‌డ్రైవులో పదకొండు ముక్కలున్నాయి. ఫిల్ము పోయి ఎన్నాళ్ళయినా ఎడిటర్లు ఇంకా సినిమాని రీళ్ళుగానే కోస్తారు. ఒక్కో రీలు పది పన్నెండు నిమిషాలు. అన్నీ ఓకే అనుకున్నాక చివర్లో అతికిస్తారు. "టీవీకి పెట్టి ఒకటో రీలు నొక్కు, మిగతావి వాటంతటవే వస్తాయి" అని చెప్పి అక్క దిగి వెళ్ళిపోయింది.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పితూరి కర్టెన్లు లాగేసి టీవీ ముందు కూర్చుంది. వాళ్ళమ్మ స్కూల్లో లెక్కల టీచరు. పరీక్ష పేపర్ల కట్ట ఒళ్ళో పెట్టుకుని, ఎర్రపెన్ను తీసుకుని సోఫాకి అవతలి చివర సర్దుకుంది. "నాకు వెలుతురు కావాలి" అని ఒక కర్టెన్ మళ్ళీ తీసేసింది.

సినిమా మొదలైంది. ఒక పాత అపార్ట్‌మెంటు. దానికో ముసలి లిఫ్టు. ఆ లిఫ్టుకో మెకానిక్కు, నలభై ఏళ్ళవాడు, నవ్వితే ఒక పన్ను లేదు. కింద మెడికల్ షాపు. పైన రకరకాల జనం. పది నిమిషాలు అందరూ ఎక్కారు, దిగారు, మెకానిక్కుతో కబుర్లాడారు. ఎక్కడా తొందర లేదు. పితూరికి కాస్త ఆవలింత వచ్చింది.

తర్వాతి సీన్లో ఇన్‌స్పెక్టర్ వంగి మెడికల్ షాపులోకి వచ్చి కూర్చున్నాడు. షాపతను తలొంచుకుని, మెకానిక్కుని తానే చంపానని ఒప్పుకుంటున్నాడు.

పితూరి నిటారుగా కూర్చుంది. ఆవలింత ఎటు పోయిందో తెలియదు.

"వీడెప్పుడు చంపాడే?" అంది అమ్మ పేపర్లోంచి తలెత్తి.

"అదే అమ్మా స్టైలు. ముందే చెప్పేశాడు."

"నేను సున్నాలు వేస్తుంటే అయిపోయిందేమో అనుకున్నా."

ఒప్పుకోవడం అయ్యాక ఇన్‌స్పెక్టర్ ఆ షాపులోంచి ఒక పాత టూల్ బ్యాగు పట్టుకెళ్ళి ఎవరో ఆవిడకి ఇచ్చాడు. ఆవిడ జిప్పు తీసింది. స్పానర్ల మధ్య ఒక ఆడవాళ్ళ చెప్పు, ఒకటే. ఆవిడ దాన్ని చూసి నేలమీద కూలబడింది. ఆ తర్వాత కోర్టు. ఆ తర్వాత లిఫ్టు మామూలుగా పైకి వెళ్ళడం, అందులో ఒక చిన్నపాప ఒంటరిగా అన్ని బటన్లూ నొక్కడం, తెర నల్లబడటం.

తెర మళ్ళీ తెల్లబడేసరికి మెకానిక్కు బల్లమీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"వాడు పోయాడు కదే" అంది అమ్మ.

"ఫ్లాష్‌బ్యాక్."

"మరి చెప్పడేం?"

"ఇప్పుడెవరూ చెప్పరమ్మా. మనమే తెలుసుకోవాలి."

"మా రోజుల్లో తెర గుండ్రంగా తిరిగేది. మర్యాద ఉండేది."

సినిమా అలాగే సాగింది. మెకానిక్కు లిఫ్టు గుంటలో పడి చచ్చిపోయాడు. జనం పోగయ్యారు. అందరూ గుంటలోకి తొంగి చూస్తుంటే మెడికల్ షాపతనొక్కడూ జనం మొహాల్లోకి చూస్తున్నాడు. పితూరికి ఒళ్ళు గగుర్పొడిచింది. వాడేనని మనకి తెలుసు, అక్కడున్నవాళ్ళకి తెలియదు, ఎంత బాగా తీశాడు అనుకుంది. ఇన్‌స్పెక్టర్ ఒకరొకరినీ అడుగుతూ తిరిగాడు. తనే పట్టుకున్న కేసుని తనే మళ్ళీ ఎందుకు పట్టుకుంటున్నాడో ఆమెకి బోధపడలేదు. బహుశా ఇన్‌స్పెక్టర్‌కి జ్ఞాపకశక్తి పోయి ఉంటుంది, చివర్లో చెబుతారు అనుకుంది.

"జవాబు ముందే రాసేసి, తర్వాత స్టెప్పులు వేస్తున్నాడు" అంది అమ్మ. "మా పిల్లలు కాపీ కొట్టినప్పుడు ఇలాగే వేస్తారు."

"అమ్మా, కాసేపు మాట్లాడకు."

చివరికి ఇన్‌స్పెక్టర్ మెడికల్ షాపు ముందుకొచ్చి నిలబడ్డాడు. వంగి షట్టరు పట్టుకుని సగం పైకెత్తాడు. లోపల రెండు కాళ్ళు కనిపించాయి. అంతే. తెర నల్లబడి టీవీ మామూలు మెనూకొచ్చేసింది.

అమ్మ పెన్ను పట్టుకుని అలాగే చూస్తోంది. "కరెంటు పోయిందా?"

"అయిపోయిందమ్మా. ఓపెన్ ఎండింగ్."

"షట్టరెత్తినవాడు లోపలికి వెళ్ళొచ్చు కదా."

"వెళ్ళాక ఏమవుతుందో నీకు ముందే తెలుసుగా. అదే అందులో గొప్ప. మొదలుపెట్టిందే చివర్నుంచి, ముగించింది మధ్యలో." ఈ మాట అన్నాక తనకే చాలా నచ్చింది. ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళింది.

అక్క వద్దన్న సినిమా భాషంతా ఆ మెసేజ్‌లో వచ్చేసింది. పది నిమిషాలకే హంతకుణ్ణి చేతిలో పెట్టేసే దమ్ము ఎవరికుంటుందక్కా అంది. ఇక్కడ ప్రశ్న ఎవరు అన్నది కాదు, ఎందుకు అన్నది కూడా కాదు, అసలు ప్రశ్న అడగడం అవసరమా అన్నది అంది. ఆ మాటకి అర్థమేమిటో తనకీ పూర్తిగా తెలియదు, కానీ గొంతులో మంచి బరువుంది. షట్టరు దగ్గర ఆపెయ్యడం, ఇన్‌స్పెక్టర్‌కి జ్ఞాపకశక్తి పోవడం అద్భుతమంది. జనంలో మెడికల్ షాపతని చూపుకి ఒళ్ళు గగుర్పొడిచిందని రెండు నిమిషాలు చెప్పింది. ఆ చెప్పు గురించైతే ఇంకా ఎక్కువ. "ఆ చెప్పు ఉంది చూశావా, అది సమాజం. జత తప్పిన సమాజం. మనందరం ఆ బ్యాగులో ఉన్న ఒంటి చెప్పులమే అక్కా" అని ముగించి, గాఢంగా ఊపిరి వదిలి, పంపేసింది.

గంట తిరక్కుండా ఫోన్ మోగింది.

"నువ్వు ఏ సినిమా చూశావే?" అంది అక్క.

"నువ్విచ్చిందే."

"నేనిచ్చిన దాంట్లో హంతకుడు పది నిమిషాలకి తెలియడు. సినిమా షట్టరు దగ్గర అయిపోదు. జ్ఞాపకశక్తి పోయిన ఇన్‌స్పెక్టర్ లేడు."

"మరి ఆయనకేమైంది?"

"ఆయనకేమీ కాలేదు. నాకే అయ్యేలా ఉంది. నీ మెసేజ్ ఇక్కడ స్పీకర్లో పెట్టాను, ఒక్కమాట ఉంటుందిలే అనుకుని. డైరెక్టరు పక్కనే ఉన్నాడు. తనకి తెలియకుండా నేను ఇంకో వెర్షన్ కట్ చేసి బయటివాళ్ళకి చూపిస్తున్నానని అంటున్నాడు. పొద్దున్నే ఇక్కడికి రా. వచ్చి నువ్వే చెప్పు."

ఆదివారం పొద్దున్నే పితూరి వెళ్ళింది. ఎడిటింగ్ గది ఒక మేడ మీద, మెట్ల పక్కన. కిటికీకి నల్లగుడ్డ, గోడలకి స్పాంజి పలకలు, చలి. బల్లమీద రెండు తెరలు, ఎదురుగా గోడకి ఒక పెద్ద తెర, తాగి వదిలేసిన కాగితం కప్పులు. డైరెక్టరు తిరిగే కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ముప్పై కూడా ఉండవు. నిద్ర లేని మొహం. పితూరిని చూసి లేచి నిలబడి, మళ్ళీ తను లేచినందుకు తనమీదే కోపమొచ్చినట్టు కూర్చున్నాడు.

"వరసగా చెప్పు" అంది అక్క, మౌసు మీద చెయ్యి పెట్టి. "ముందు ఏం చూశావు?"

"లిఫ్టు, మెకానిక్కు, అందరూ ఎక్కడం, దిగడం."

"ఒకటో రీలు. తర్వాత?"

"షాపతను ఒప్పుకోవడం. బ్యాగు, చెప్పు."

అక్క చెయ్యి ఆగింది. "అది పదో రీలు. తర్వాత?"

"కోర్టు. లిఫ్టులో పాప."

"పదకొండు."

"తర్వాత మెకానిక్కు టీ తాగడం."

"రెండు" అంది అక్క మెల్లగా.

ఒకటి, పది, పదకొండు, రెండు. పితూరి వేళ్ళమీద మళ్ళీ లెక్కపెట్టింది. ఇది తనకి తెలిసిన తప్పు. మామూలుగా తెలిసింది కాదు, ఈ తప్పు మీద ఆఫీసులో తాను ఎన్నో పితూరీలు రాసింది. ఫైళ్ళని పేరు వరసలో పెట్టమంటే మిషను అంకెల విలువ చూడదు, మొదట ఏ గుర్తుందో అదే చూస్తుంది. ఒకటితో మొదలయ్యేవన్నీ ఒకచోట చేరతాయి. పది వెళ్ళి ఒకటి పక్కన కూర్చుంటుంది, రెండు తన వంతు కోసం వెనక నిలబడుతుంది. "దీన్ని సరిచెయ్యండి, జనం తికమకపడతారు" అని తాను రాస్తే, "ఎవరూ పడరు, చూడగానే తెలిసిపోతుంది" అని ప్రోగ్రామర్లు తిరిగి రాసేవాళ్ళు. ఆ విషయంలో ఆమె చాలా పోట్లాడింది.

"టీవీ పేర్ల వరసలో వేసిందక్కా" అంది, గొంతు తనకే వినపడకుండా. "రెండుకి ముందు సున్నా పెట్టి ఉంటే..."

"టెస్టర్వి నువ్వా నేనా?" అంది అక్క.

"నేనే."

"రెండు గంటలు చూశావు. ఒక్కసారి కూడా అనుమానం రాలేదా?"

"వచ్చింది. ఇప్పుడన్నీ ఇలాగే ఉంటున్నాయి కదా, అందుకని ఆ అనుమానం నా మీద వచ్చింది."

అక్క కళ్ళు మూసుకుని కుర్చీకి జారగిలబడింది. ఇంతటితో అయిపోయింది, తిట్లు తిని ఇంటికెళ్ళిపోవచ్చు అనుకుంది పితూరి. కానీ డైరెక్టరు లేచి గదిలో ఉన్న కాస్త జాగాలోనే అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు.

"ఒకటి తర్వాత పది" అన్నాడు. "ఎడిటర్ గారూ, ఒకటి తర్వాత పది. మనకెందుకు తట్టలేదు?"

"తట్టలేదంటే, సర్, మనం తెలివిలో ఉన్నాం కాబట్టి."

"లేదు, వినండి. మా ఇంట్లోవాళ్ళకి చూపిస్తే బాగుంది అని టీవీ రిమోట్ అడిగారు. ఈవిడ చూడండి, పావుగంట మాట్లాడారు. ఆ చెప్పు గురించి నేనే అంత ఆలోచించలేదు. రేపు ప్రొడ్యూసర్‌కి ఇదే వరసలో వేద్దాం."

అక్క లేచి కూర్చుంది. "ఆయనకి తిన్నగా చెబితేనే రెండుసార్లు చెప్పాలి సర్. ఇది చూపిస్తే లేచి వెళ్ళిపోతాడు. రేపు మధ్యాహ్నానికి ఈ కుర్చీలో ఇంకెవరో ఉంటారు."

"అది నేను చూసుకుంటాను."

"మీరు డైరెక్టరు, మిమ్మల్నెవరూ తియ్యరు. పోయేది నా పేరు."

డైరెక్టరు పితూరి వైపు తిరిగాడు. "మీరు మామూలు ప్రేక్షకురాలు. మీరు చెప్పండి. మీకు నచ్చింది కదా?"

"నచ్చింది సర్."

"అర్థమైంది కదా?"

అక్క ఆమె వైపు చూడలేదు. తెరమీద ఏదో సర్దుతున్నట్టు మౌసు కదుపుతూ ఉంది, కానీ తెరమీద ఏమీ కదలటం లేదు.

అర్థమైంది అంటే అక్క పని పోతుంది. కాలేదు అంటే పావుగంట సేపు చెప్పినదంతా ఏమిటి? ఈ సినిమా ఒక్కటే కాదు, ఆ కలలో హీరో సినిమా, అంతకుముందు అద్దంలో హత్య సినిమా, ఇన్నాళ్ళూ ఆఫీసు బల్ల దగ్గర అందరూ చెవులొగ్గి విన్నవన్నీ ఏమిటి?

"చాలావరకు" అంది పితూరి.

"ఆ చెప్పు చూసి ఏడ్చినావిడ ఎవరు?" అని అడిగింది అక్క, తెర మీంచి చూపు తిప్పకుండా.

"షాపతని భార్య... కాదా?"

అక్క మౌసు వదిలేసింది.

"ఇన్‌స్పెక్టర్ వాళ్ళమ్మా?"

డైరెక్టరు మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. అతని మొహంలో కోపం లేదు. వాన పడుతుందో లేదో తేల్చుకోలేక ఆకాశం వైపు చూసేవాడిలా మొహం పెట్టాడు.

"అర్థం కాలేదు సర్" అంది పితూరి. అనేశాక ఎందుకో తేలిగ్గా అనిపించింది, దాంతో ఇంకాస్త చెప్పింది. "అసలేమీ అర్థం కాలేదు. ఆవిడెవరో తెలియక చెప్పు గురించి మాట్లాడాను. ఇన్‌స్పెక్టర్ ఎందుకు తిరుగుతున్నాడో తెలియక స్ట్రక్చర్ గురించి మాట్లాడాను. అర్థం కానప్పుడు బాగాలేదనాలంటే భయం. మనకి బుర్ర లేదనుకుంటారు కదా."

"మరి ఒళ్ళు గగుర్పొడిచిందన్నారు, జనంలో వాడి చూపు దగ్గర."

"అది నిజమే సర్. అదెందుకో తెలీదు."

"తెలీదు" అన్నాడు డైరెక్టరు. "మంచిది. నాకూ తెలీదు."

అక్క లేచి లైటు తీసేసింది. కీబోర్డు మీద ఏదో నొక్కింది. పెద్ద తెరమీద మళ్ళీ ఆ పాత అపార్ట్‌మెంటు వచ్చింది. "కూర్చో" అంది. "ఒకటి, రెండు, మూడు. అలా."

పితూరి ఇద్దరి వెనకా ఒక స్టూలు లాక్కుని కూర్చుంది. ఇక తన అభిప్రాయానికి విలువ లేదని ఆమెకి తెలుసు. హంతకుడు తెలుసు, కోర్టు తెలుసు, పాప తెలుసు. ఇందులో థ్రిల్లేం మిగులుతుంది? మర్యాద కోసం చూద్దామనుకుంది.

రెండో రీల్లో మెకానిక్కు టీ తాగుతుంటే వాళ్ళ చెల్లెలు వచ్చింది. నిన్న ఈ చెల్లెల్ని చూసిన గుర్తే లేదు. వాడు చచ్చాడా బతికాడా అన్న గొడవలో పడి ఆమెని పట్టించుకోలేదు. చెల్లెలి చెప్పు తెగింది. "ఒంటికాలితో ఎలా వెళ్తావే, నావి వేసుకుపో. నీది రేపు కుట్టించి తెస్తా" అన్నాడు వాడు. "నువ్వా? నువ్వు తెచ్చేసరికి నా పెళ్ళీ అయిపోతుంది, పిల్లలూ పుడతారు" అంది ఆమె. వాడు పన్ను లేని నవ్వు నవ్వి, ఆ తెగిన చెప్పు స్పానర్ల మధ్య పడేసుకుని జిప్పు లాగాడు. ఆమె వాడి పెద్ద చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయింది. సీను అయిపోయింది. అంతే ఉంది అందులో.

ఆ రీలు చివర, మర్నాడు, వాడు గుంటలో పడ్డాడు. బ్యాగు దొరకలేదు. ఆరో రీల్లో ఇన్‌స్పెక్టర్ ఇంటికొస్తే చెల్లెలు బ్యాగు గురించే పదేపదే అడిగింది. "మా అన్నయ్య దాన్ని ఎక్కడా వదలడండీ" అంది. ఆయన ఏదో రాసుకున్నాడు. గుమ్మం పక్కన మగవాడి చెప్పులు కనిపించాయి.

వీళ్ళెవరూ ఏమీ చెప్పడం లేదు. ఫ్లాష్‌బ్యాక్ లేదు, దారం లేదు, ఇన్‌స్పెక్టర్‌కి జ్ఞాపకశక్తి భేషుగ్గా ఉంది. పితూరి మాత్రం స్టూలు అంచుమీదికి జరిగింది. షట్టరు సగం లేచింది. ఈసారి తెర నల్లబడలేదు. ఇన్‌స్పెక్టర్ వంగి లోపలికి వెళ్ళాడు. అది ఇంత భయంగా ఉంటుందని ఆమె అనుకోలేదు. లోపలున్నది ఎవరో తెలుసు, ఏమంటాడో మాటతో సహా తెలుసు. అయినా, వెళ్ళకు, ఇంకాసేపు బయటే ఉండు అనుకుంది.

బ్యాగు జిప్పు తెరుచుకుంది. చెప్పు కొత్త దారంతో కుట్టి ఉంది. నిన్న ఆ దారం చూడనేలేదు.

లైటు వేసేసరికి పితూరి చున్నీతో మొహం తుడుచుకుంటోంది. డైరెక్టరు కుర్చీ ఇటు తిప్పి ఆమెనే చూస్తున్నాడు, పరీక్ష రాసొచ్చిన పిల్లాడు మేష్టారిని చూసినట్టు.

"వాడేనని మీకు ముందే తెలుసు."

"తెలుసు సర్."

"చెప్పు బ్యాగులో ఉందని కూడా తెలుసు."

"తెలుసు."

"మరి?"

"అదే తెలియట్లేదు సర్."

"నిన్న అంతసేపు చెప్పారు. ఇవాళ ఒక్క ముక్క చెప్పండి."

పితూరి ఆలోచించింది. నోట్లోకి సమాజం వచ్చింది, స్ట్రక్చర్ వచ్చింది. రెండింటినీ మింగేసింది. "నిన్న అర్థం కాలేదు కదా. అర్థం కాకపోతే ఎంతసేపైనా చెప్పొచ్చు. ఇప్పుడు చెప్పడానికేం లేదు. వరసగానే వెయ్యండి సర్."

"ఇది థ్రిల్లరేనా అసలు?" అన్నాడు అతను, ఎవరినీ అడగనట్టు.

"షూటింగ్‌కి ముందు అడగాల్సింది సర్" అంది అక్క.

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతూనే రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "సరే. రేపు వరసగానే. ఆయన లేచి వెళ్ళిపోతే ఇద్దరం కలిసే పోదాం."

సోమవారం ఆఫీసులో భోజనాల బల్ల దగ్గర అందరూ పితూరి కోసం ఆగారు. వారాంతంలో ఏం చూశావు, ఎన్ని స్టార్లిస్తావు అని అడిగారు. ఒకటే సినిమా రెండుసార్లు చూశాను అంది. మొదటిసారి చాలా బాగుంది, రెండోసారి అర్థమైంది అంది. వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఇంతకీ కథేంటి అని ఒకడు అడిగాడు. ఒక మెకానిక్కుంటాడు, వాడికో చెల్లెలుంటుంది అని మొదలుపెట్టింది. అంతలో ఫోన్ మోగింది. డబ్బా మూత పెట్టేసి వరండాలోకి పరిగెత్తింది.

"వెళ్ళిపోయాడే" అంది అక్క గుసగుసగా.

"ఎవరు?"

"ప్రొడ్యూసర్. మధ్యలో లేచి బయటికెళ్ళిపోయాడు. సినిమా ఆపేసి కూర్చున్నాం. డైరెక్టరు గోళ్ళు కొరుక్కుంటున్నాడు."

పితూరి గోడకి ఆనుకుంది. అంతా తనవల్లే అనిపించింది. ఆ మాటకొస్తే ఏది తనవల్లో కూడా తేల్చుకోలేకపోయింది. "ఎన్నో రీల్లో?"

"పదో రీల్లో. బ్యాగు తెరిచాక."

"ఏమైనా అన్నాడా?"

"ఏమీ అనలేదు. మెట్ల దగ్గర నిలబడి ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. కొత్త ఎడిటరుకేమో అని తలుపు సందులోంచి విన్నాను."

"ఎవరికి?"

"వాళ్ళ చెల్లెలికనుకుంటా. ఎప్పుడొస్తావు, పిల్లలెలా ఉన్నారు, నిన్ను చూసి చాలా రోజులైంది అంటున్నాడు. మధ్యమధ్యలో ఆగిపోతున్నాడు." అక్క గొంతు ఇంకా తగ్గించింది. "ఇది మంచికంటావా, చెడుకంటావా?"

"నాకు తెలీదక్కా" అంది పితూరి. "ఇంకా మాట్లాడుతున్నాడా?"

"ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు."